మైపాడు మనుషులకి మొహాల్లేవా?

మైపాడు అని కొట్టి ఫోన్లో బొమ్మలు వెతకండి. గూగులైనా సరే, ఇన్‌స్టాగ్రామైనా సరే. ముందుగా తగిలేది ఒకటే బొమ్మ. నారింజ రంగు ఆకాశం, నీళ్ళ అంచున రాగి పళ్ళెంలాంటి సూర్యుడు, ముందు ఒక పడవ, పడవ పక్కన వల భుజాన వేసుకున్న ఒక మనిషి. ఆ మనిషి నల్లగా ఉంటాడు. ఒంటి రంగు గురించి కాదు నేను చెప్తున్నది. తారు పూసినట్టు, నల్లకాగితాన్ని కత్తెరతో కత్తిరించి అంటించినట్టు ఉంటాడు. కన్నూ ముక్కూ నోరూ ఏవీ ఉండవు. వయసెంతో తెలీదు. నవ్వుతున్నాడో, తిడుతున్నాడో తెలీదు. కింద 'బ్యూటిఫుల్ మార్నింగ్' అని ఉంటుంది, రెండు దణ్ణాలూ ఒక నిప్పు బొమ్మా కూడా.

తీసినవాళ్ళు మారతారు, కెమెరాలు మారతాయి, ఏడాది మారుతుంది. బొమ్మ మాత్రం మారదు. వందమంది వెళ్ళి వందసార్లు ఒకే ఫొటో తీసుకుని రావడం ఏం కళో నాకు అర్థం కాదు. కానీ నా తగువు ఆ బొమ్మ పాతబడిపోయిందని కాదు. అందులో ఒక మనిషిని మాయం చేస్తున్నారు, చేస్తూ దాన్ని అందం అంటున్నారు. నా తగువు దానితో.

ఎలా మాయం చేస్తున్నారో ముందు చెప్తాను, ఎందుకంటే ఇందులో రహస్యమేమీ లేదు. మైపాడు నెల్లూరుకి పాతిక కిలోమీటర్ల లోపే, ఇందుకూరుపేట మండలంలో. తూర్పు తీరం గనక సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. రాత్రి వేటకి పోయిన పడవలూ అటునుంచే వస్తాయి. ఫొటో తీసే ఆయన నెల్లూరులో నాలుగున్నరకి లేచి, కారేసుకుని వచ్చి, ఇసుకలో కాళ్ళు పాతి, ఊరికి వీపు పెట్టి, సూర్యుడికి ఎదురుగా నిలబడతాడు. వెలుగంతా ఒడ్డుకి వచ్చే మనిషి వీపు మీద పడుతుంది. మొహం నీడలో ఉంటుంది. ఆకాశం తెల్లగా మాడిపోకుండా కెమెరాని సరిపెట్టుకుంటే నీడలో ఉన్న మొహం నల్లబడి తీరుతుంది. అదొక లెక్క, అంతే. మా ఇంట్లో ఏడో తరగతి పిల్ల ఫోన్‌తో తీసినా అలాగే వస్తుంది.

మరి అదే నిమిషంలో, అదే సూర్యుడి కింద, వెలుగులో మొహాలెక్కడున్నాయి? ఫొటో తీసే ఆయన వెనకాల ఉన్నాయి. ఒడ్డు మీద అలివి వల లాగేవాళ్ళు సముద్రం వైపు చూస్తూ లాగుతారు. గంపలు పెట్టుకుని పడవ కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు సముద్రం వైపే చూస్తూ కూర్చుంటారు. పడవని ఇసుక మీదికి లాగడానికి వచ్చిన కుర్రాళ్ళూ అంతే. మీరు 'గోల్డెన్ అవర్' అని పేరు పెట్టుకున్న ఆ బంగారమంతా వాళ్ళ మొహాల మీద పడుతుంటుంది. మోకాటి లోతు నీళ్ళలోకి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగితే చాలు. ఎవరూ తిరగరు. తిరిగితే మొహాలతో పాటు ఊరు కూడా కనిపిస్తుంది మరి. సరుగుడు చెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, చెత్త, ఎండుచేపలు, వాటి మీద కాకులు. అవి 'ఫ్రేము పాడుచేస్తాయి'.

ఇలాంటి నల్లబొమ్మని ఇంగ్లీషులో 'సిలౌట్' అంటారు. అదొక మంత్రిగారి పేరు. ఎతియెన్ ద సిలూయెత్ అని, 1759లో కొన్ని నెలల పాటు ఫ్రాన్సు ఆర్థికమంత్రిగా చేశాడు. ఖర్చులు తెగ కోసేవాడట. దాంతో చవకబారు వస్తువుకల్లా ఆయన పేరు పెట్టి ఎగతాళి చేశారనీ, రంగుల్లో చిత్తరువు వేయించుకునే స్తోమత లేనివాళ్ళు కత్తిరించుకునే నల్లకాగితం బొమ్మకి ఆ పేరు అలాగే ఉండిపోయిందనీ చెప్తారు. పేదవాడికి నల్లబొమ్మ చాలు అనే ఆలోచన ఆ మాట పుట్టుకలోనే ఉందన్నమాట.

మనకి నీడతో ఆడే కళ లేక కాదు. తోలుబొమ్మలాట మనదే. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇవాళ్టికీ బొమ్మలు చేస్తున్నారు, ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మని దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది. తోలుని వెలుతురు దూరేంత పల్చగా గీకుతారు. దానికి ఎరుపూ పచ్చా అద్దుతారు, నగలకి చిల్లులు పొడుస్తారు. వెనకాల దీపం పెడితే తెర మీద రంగులు వెలుగుతాయి. అక్కడా దీపం బొమ్మ వెనకే ఉంటుంది, మైపాడులో సూర్యుడు ఉన్నట్టే. అయినా రావణాసురుడికి పది మొహాలూ కనిపిస్తాయి. తోలుబొమ్మకి ఇచ్చిన పాటి మర్యాద మనం ప్రాణమున్న మనిషికి ఇవ్వడం లేదు.

కొంతకాలం కిందట ఒక ఫొటో పోటీకి వచ్చిన బొమ్మలు చూసే పని నా మీద పడింది. పోటీ ఎవరిదన్నది ఇక్కడ అనవసరం, అన్ని పోటీలూ ఇంతే. నెల్లూరు వైపు అంటే పులికాట్ పక్షులు ఎలాగూ ఉంటాయి. ఒక ఫ్లెమింగో ఫొటో కింద ఏం రాశారనుకున్నారు? 'గ్రేటర్ ఫ్లెమింగో', దాని లాటిన్ పేరు 'ఫీనికాప్టెరస్ రోజియస్', పెద్దదా పిల్లదా, ఏ నెలలో, సరస్సులో ఏ వైపున. నేలపట్టు గూడబాతుకీ అదే మర్యాద. తప్పు రాస్తే సాటి పక్షి ఫొటోగ్రాఫర్లు ఊరుకోరు, ఉతికి ఆరేస్తారు. బాగుంది, అలాగే ఉండాలి. ఆ పక్కనే మైపాడు ఫొటో. కింద 'ఫిషర్‌మన్ ఎట్ సన్‌రైజ్'. ఇంకోటి, 'ఫిషర్‌మన్ అండ్ హిజ్ నెట్'. ఇంకోటి, 'ఓల్డ్ ఫిషర్‌మన్'. ముసలాయనని ఎలా తెలిసిందో! నడుము వంగి ఉంది కాబట్టి అయ్యుండాలి. వల బరువుకి ఎవరి నడుమైనా వంగుతుంది సామీ.

ఎంట్రీ ఫారంలో గడులున్నాయి. కెమెరా ఏది, లెన్స్ ఏది, షట్టర్ ఎంత, ఐఎస్ఓ ఎంత. అన్నీ పద్ధతిగా నింపారు. ఎక్కడినుంచో వచ్చిన పక్షి పేరు తెలుసు, జపాన్ నుంచి వచ్చిన లెన్స్ పేరు తెలుసు, పది అడుగుల దూరంలో నిలబడ్డ తెలుగువాడి పేరు తెలీదు. అడగలేదు. అడగాలని తోచలేదు.

ఇది ఇవాళ మొదలైన జబ్బు కాదు. ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు ఉండేవాడు. దక్షిణాది కులాల మీదా తెగల మీదా కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలతలు తీసి పట్టీలు వేసినవాడు. ఆ సంపుటాల్లో మన యానాదుల ఫొటోలు కూడా ఉన్నాయి. కింద తెగ పేరు ఉంటుంది, చేస్తున్న పని ఉంటుంది. మ్యూజియంలో సీసాలో పెట్టిన చేపకి అంటించిన చీటీ లాంటిదది. ఆయన్ని తిట్టడం తేలిక, తెల్లదొర, పాతకాలం మనిషి. కానీ 'యానాది' అని రాసిన ఆయనకీ, 'ఫిషర్‌మన్' అని రాసిన మనకీ తేడా ఏమిటి? ఆయన ఫొటోల్లో కనీసం మొహాలున్నాయి.

ప్రపంచమంతా మెచ్చుకున్న బొమ్మల కథలూ ఇలాంటివే. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ తోటల కూలీల శిబిరంలో డొరొతియా లాంజ్ ఒక తల్లిని ఫొటో తీసింది. 'మైగ్రెంట్ మదర్' అని జగత్ప్రసిద్ధమైంది. లాంజ్ ఆమె పేరు అడగలేదు. నలభై రెండేళ్ళ తర్వాత, 1978లో, ఆ తల్లే బయటికొచ్చింది. పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని అంది, దానివల్ల తనకి పైసా రాలేదని కూడా అంది. స్టీవ్ మెకరీ 1984లో తీసిన అఫ్ఘాన్ పిల్ల ఫొటో మరుసటేడు 'నేషనల్ జియోగ్రాఫిక్' అట్ట మీదికి ఎక్కింది. ఆ పచ్చటి కళ్ళు తెలియనివాళ్ళు లేరు. ఆ కళ్ళున్న పిల్ల పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో. ఆ పదిహేడేళ్ళూ అట్ట మీద ఫొటో తీసినవాడి పేరూ పత్రిక పేరూ మెరుస్తూనే ఉన్నాయి.

ఆ మెకరీదే ఇంకో ఫొటో ఉంది, మైపాడు వాళ్ళు తప్పకుండా చూడాల్సింది. 1995లో శ్రీలంక దక్షిణ తీరంలో, వెలిగామ దగ్గర తీశాడు. నీళ్ళలో పాతిన కర్రలు, కర్రకి అడ్డంగా కట్టిన చిన్న బద్ద మీద కూర్చుని గాలం వేసే మనుషులు, కింద కెరటాలు. చూపు తిప్పుకోలేం, నిజమే. ఆ వేట మరీ ప్రాచీనం కూడా కాదు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మొదలైందంటారు. ఆ ఫొటో తర్వాత, అలాంటివే మరికొన్ని తర్వాత, కొగ్గల చుట్టుపక్కల ఏమైందో చూడండి. 2004 సునామీ తీరాన్ని దెబ్బతీసింది, చేప తగ్గింది. ఫొటోగిరాకీ మాత్రం పెరిగింది. ఇవాళ అక్కడ కర్రలెక్కి కూర్చునేవాళ్ళలో చాలామంది చేప కోసం ఎక్కరు. టూరిస్టు బస్సు ఆగితే ఎక్కుతారు. గాలానికి ఎర ఉండదు. ఒడ్డున ఒకడు డబ్బు వసూలు చేస్తుంటాడు. బస్సు పోగానే దిగుతారు.

బర్మాలో ఇన్‌లే సరస్సు దగ్గరా ఇంతే. కాలితో తెడ్డు వేస్తూ, శంకు ఆకారపు పెద్ద బుట్ట ఎత్తిపట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి భంగిమలిచ్చేవాళ్ళున్నారు. అసలు చేపలు పట్టేవాళ్ళు సరస్సు లోపలెక్కడో మామూలు వలలతో పట్టుకుంటున్నారు. చైనాలో లీ నది మీద, శింగ్‌పింగ్ దగ్గర, ముసలివాళ్ళు వెదురు తెప్ప మీద లాంతరూ రెండు నీటికాకులూ పెట్టుకుని, పొద్దునా సాయంత్రం ఫొటోగ్రాఫర్ల కోసం వల విసురుతారు. మూడు దేశాలు, మూడు నీళ్ళు, ఒకటే వరస. ముందు ఫొటో మనుషుల్ని బొమ్మలు చేస్తుంది, ఆ తర్వాత మనుషులే ఆ ఫొటోని చూసి బొమ్మల్లా నిలబడటం నేర్చుకుంటారు.

కర్రలెక్కినవాళ్ళని నేను తప్పు పట్టను. ఇంట్లో పొయ్యి వెలగాలి. సముద్రం పెట్టనప్పుడు కెమెరా పెడితే తీసుకుంటారు, అందులో సిగ్గేముంది? ఒకరకంగా కొగ్గల వాళ్ళే నయం, బొమ్మకి డబ్బు అడుగుతున్నారు. మన దగ్గర ఆ పాటి లెక్క కూడా లేదు. ఆదివారం పొద్దున మైపాడులో విసురు వల చేతిలో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, "అన్నా, ఇంకోసారి విసురన్నా, కొంచెం ఎత్తుగా, సూర్యుడు వల మధ్యలోకి రావాల" అని తగులుకుంటారు. ఆయన విసురుతాడు. మర్యాద తెలిసిన మనిషి గనక విసురుతాడు. తడిసిన వల, అంచున గుళ్ళ బరువు. మూడోసారికి రెక్కలు లాగుతాయి. అక్కడ చేప ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఫొటో వచ్చాక "థాంక్సన్నా" అని కెమెరా తెర చూసుకుంటూ నడిచిపోతారు. చూసుకోవాల్సినది ఆయనకి చూపించను కూడా చూపించరు.

ఇలా అంటే వచ్చే జవాబులు నాకు తెలుసు, విన్నాను. మొదటిది: అది కళ, గుర్తింపు కార్డు కాదు. మొహం లేకపోతేనే ఆ మనిషి 'అందరూ' అవుతాడు, అదే దాని గొప్పదనం. వినడానికి బాగానే ఉంది. అయితే ఇదే మహానుభావులు తమ ఇంటి పెళ్ళి ఫొటోలు ఎందుకు సిలౌట్‌లో తీయించరు? పెళ్ళికూతురు 'అందరు పెళ్ళికూతుళ్ళూ' అయితే ఆవిడ ఒప్పుకుంటుందా? అదే మైపాడు ఒడ్డున పెళ్ళికి ముందు షూటింగులు జరుగుతుంటాయి కదా, అక్కడ చూడండి. లైట్లు పెడతారు, తెల్ల గొడుగులు పట్టుకుంటారు, మొహం మీద నీడ పడకుండా నానా తంటాలు పడతారు. అంటే ఎదురు సూర్యుడిలో మొహం ఎలా చూపించాలో అందరికీ తెలుసు. ఎవరి మొహం చూపించాలన్నదే ప్రశ్న.

రెండో జవాబు కొంచెం బరువైనది. అడగకుండా మొహం చూపిస్తే అది మాత్రం మర్యాదా? నల్లగా తీస్తే కనీసం వాళ్ళ గుట్టు దాగుతుంది కదా? నిజమే, అడగకుండా తీసిన మొహం దొంగిలించిన మొహమే. కానీ దానికి మందు అడగడం, నల్లరంగు కాదు. అడిగితే ఆయన వద్దంటాడేమో. వద్దంటే వద్దు. ఆ రోజుకి సముద్రాన్ని తీసుకోండి, అది ఎవరినీ ఏమీ అనదు.

ఇక దీన్ని ఫొటోల గొడవ అని తీసి పక్కన పెట్టలేం అనడానికి కారణం వేరే ఉంది. ఆ ఇసుక ఎవరిది? పట్టా చూపించమంటే ఎవరి దగ్గరా ఉండదు. పడవలు నిలిపేదీ, వలలు ఆరేసేదీ, చేపలు ఎండబెట్టేదీ, వేలం పాడేదీ అక్కడే, తరాలుగా. వాడుకే దాని దస్తావేజు. తీరప్రాంత నియంత్రణకి కేంద్రం ఇచ్చిన 2011 నోటిఫికేషన్, మత్స్యకార గ్రామాల ఉమ్మడి జాగాల్ని పటాల్లో గుర్తించాలని చెప్పింది. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న తీరగ్రామాల్లో కట్టడాలు కూడదన్న హద్దుని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి కుదించింది, బీచిల మీద తాత్కాలిక పర్యాటక సదుపాయాలకి దారి ఇచ్చింది. మైపాడుని అభివృద్ధి చేస్తాం అనే మాట ప్రభుత్వాలు మారినా మారదు. పర్యాటక శాఖ రిసార్టు ఎప్పటినుంచో ఉండనే ఉంది. ఇలాంటి వేళ, ఆ తీరాన్ని చూపించే బొమ్మలన్నిట్లో ఉన్నదేమిటి? ఖాళీ ఇసుక, ఆకాశం, అలంకారానికి ఒక నల్లటి ఆకారం. రేపు ఒక ఆఫీసు గదిలో ఆ బొమ్మని తెర మీద వేసి 'ఇక్కడ ఏమీ లేదు సార్, ఖాళీ జాగా' అంటే కాదనడానికి మన దగ్గర ఏ ఫొటో ఉంది? మనం తీసిన వెయ్యి ఫొటోలూ అవతలివాడికే సాక్ష్యం చెప్తాయి.

అటు తిప్పిన కెమెరా ఒక్కసారి ఇటు తిప్పితే చాలా ఉంది. ఆరున్నరకి సూర్యుడు 'అయిపోయాడని' మనవాళ్ళు ఇడ్లీకి లేచిపోతారు. అసలు మైపాడు ఆ తర్వాత మొదలవుతుంది. వలలోంచి ఒక్కొక్క చేపనీ విడదీసే వేళ్ళు చూడండి. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, అదృష్టం ఉంటే వంజరం, చందువ. చేపల వేలంలో గొంతులు వినండి, ఫొటోలో గొంతు పడదు గానీ మెడ నరం పడుతుంది. బేరమాడి గంప నెత్తికెత్తుకుని నెల్లూరు బస్సు కోసం నడిచే ఆడవాళ్ళు ఏ 'మైపాడు సన్‌రైజ్' లోనూ ఎందుకు లేరో అడగండి. వాళ్ళు పశ్చిమానికి నడుస్తారు, అందుకు. తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు ఒడ్డుకి దగ్గరగా వేటాడి వలలు కోసుకుపోతున్నాయని జిల్లా తీరమంతా ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. తెగిన వల ఎలా ఉంటుందో ఎంతమంది తీశారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, మనుషులు నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. మొహం తీయడానికి అంతకంటే మంచి కాలం లేదు. అప్పుడు మాత్రం కెమెరాలు అరకు పోతాయి.

చేతకాని పని కూడా కాదిది. పక్కనే తమిళ తీరంలో ఎం. పళని కుమార్ చేస్తున్నాడు. పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పారి' వెబ్‌సైటులో ఆయన ఫొటోలు చూడండి. సముద్రంలో మునిగి నాచు కోసే ఆడవాళ్ళు, చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ళు. అక్కడా వెలుతురు ఉంది, అందం ఉంది, చూపు ఆగిపోయే బొమ్మలే అవి. కింద పేరుంటుంది. ఊరుంటుంది. ఏం మాట్లాడిందో ఉంటుంది.

ఈ ఏడు కూడా పోటీలు ఉంటాయి, నన్ను మళ్ళీ పిలుస్తారో లేదో తెలీదు, ఇది చదివాక పిలవకపోవచ్చు. పిలిచినా పిలవకపోయినా ఎంట్రీ ఫారంలో ఐఎస్ఓ గడి పక్కన మూడు గడులు చేర్చమని అడుగుతున్నాను. ఫొటోలో ఉన్నవారి పేరు. అడిగి తీశారా. తీసింది వాళ్ళకి చూపించారా. ఆ మూడూ ఖాళీగా ఉన్న బొమ్మని సూర్యుడు ఎంత ఎర్రగా ఉన్నా పక్కన పెట్టండి. పక్షుల విభాగానికి ఎలాగూ మొదటి గడి ఉండనే ఉంది.